తీర్మానం రాసి తారు పోస్తే స్పీడ్ బ్రేకర్ అయిపోదు

"గ్రామ ప్రజలకు అతి ముఖ్య గమనిక, పది మందికి పంపండి" అనే మెసేజ్ ఈ వారంలో నాకు ఐదోసారి వచ్చింది. మొదట మా ఊరి గ్రూపులో వార్డు మెంబర్ పెట్టాడు, తర్వాత దుబాయ్ నుంచి మా బావ, ఆ తర్వాత పదో తరగతి బ్యాచ్ గ్రూపు, మళ్లీ మా బావే (తను పంపిందే తనకు తిరిగొస్తే కొత్తదనుకున్నట్టున్నాడు), నిన్న రాత్రి పదకొండున్నరకు మాకు లెక్కలు చెప్పిన రిటైర్డ్ సారు. సారు కూడా పంపాక ఇక ఊరుకోలేక రాస్తున్నా.

చూడనివాళ్ల కోసం, అందులో ఆరు ముక్కలున్నాయి. ఒకటి, గ్రామ పరిధిలో ఏ రోడ్డు మీదైనా సర్పంచ్‌దే సర్వాధికారం, పంచాయతీ తీర్మానం ఉంటే ఏ శాఖ పర్మిషన్ లేకుండా స్పీడ్ బ్రేకర్లు వేసుకోవచ్చు, "యువకులారా కదలండి". రెండు, సొంత ఊరి నుంచి ఐదు కిలోమీటర్ల లోపు హెల్మెట్ అక్కర్లేదు, పోలీసులు ఆపకూడదు. మూడు, రోడ్డు మీద వడ్లు ఆరబోసుకోవడం రైతు హక్కు. నాలుగు, యాక్సిడెంట్ అయి పడిపోయినవాణ్ని పోలీసులు వచ్చేదాకా ముట్టుకోవద్దు, ముట్టుకుంటే కేసు మీ మీదికే వస్తుంది. ఐదు, ఊరి పరిధిలో ఎవరైనా చనిపోతే పంచాయతీ రెండు లక్షలు కట్టాలి. ఆరు, రోడ్డు పక్క చెట్లకు సున్నం పూస్తే ప్రమాదాలు సగానికి తగ్గుతాయి.

ఆరోదాంతో నాకు పేచీ లేదు. పూయండి. రాత్రిపూట చెట్టు కనిపిస్తుంది, మంచిదే. సగం అన్న లెక్క ఎక్కడిదో సున్నం డబ్బానే అడగాలి.

హెల్మెట్ ముక్క చాలా పాతది. ఒకప్పుడు "సిటీ లిమిట్స్‌లో అక్కర్లేదని కోర్టు చెప్పింది" అని తిరిగింది, ఇప్పుడు పల్లెకొచ్చి ఐదు కిలోమీటర్లయింది. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్‌లో కిలోమీటర్లు లేవు. బహిరంగ ప్రదేశంలో బండి మీద ఉంటే పెట్టుకోవాలి, తలపాగా కట్టిన సిక్కులకు మినహాయింపు, అంతే. 2022లో హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు దేశంలో 50,029 మంది. అందులో 14 వేల మందికి పైగా వెనక కూర్చున్నవాళ్లు. వీళ్లంతా ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటాకే పోయారంటారా? మన ఊరి తారు ఏమైనా దూదితో వేశారా?

రెండు లక్షల ముక్కలో అంకె ఒక్కటే నిజం. గుద్దిన బండి దొరక్కుండా పారిపోయిన కేసుల్లో, చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు ఇచ్చే కేంద్ర పథకం 2022 ఏప్రిల్ నుంచి ఉంది. అర్జీ వెళ్లేది రెవెన్యూ అధికారులకు, మంజూరు చేసేది కలెక్టర్ స్థాయిలో. పంచాయతీ ఖాతాలో రెండు లక్షలుంటే ముందు ట్రాక్టర్ డీజిల్ బాకీ తీరుస్తారు నాయనా.

నాలుగో ముక్క మాత్రం నవ్వి వదిలేసేది కాదు. "ముట్టుకోవద్దు" అన్నది చదివి రేపు ఎవరో ఒకరు నిజంగానే ముట్టుకోకుండా నిలబడతారు, వీడియో తీస్తారు, ఆ పడినవాడు మన పక్కింటి పిల్లాడే కావచ్చు. గాయపడినవాళ్లకు సాయం చేసేవాళ్లను వేధించకూడదని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది, 2019 సవరణతో 134ఎ సెక్షన్‌గా చట్టంలోకీ ఎక్కింది. పేరు చెప్పమని మిమ్మల్ని బలవంతపెట్టడానికి లేదు. 108కి ఫోన్ చేసి, వచ్చేదాకా నెత్తురు కారే చోట గుడ్డ అదిమి పట్టుకోండి, మెడ కదిలించకండి, నీళ్లు తాగించకండి. డబ్బు ఎవరు కడతారని భయమైతే, 2025 మే నుంచి లక్షన్నర దాకా, ఏడు రోజుల పాటు క్యాష్‌లెస్ వైద్యం చేసే పథకం ఉంది. ప్రాణం నిలబెట్టినవాళ్లకు 25 వేల రివార్డు కూడా పెట్టారు. ఇన్ని ఉండగా మెసేజ్ రాసినవాడికి కనిపించింది పోలీసు కేసు ఒక్కటే.

వడ్ల సంగతి. ఇక్కడ ఎగతాళి చేద్దామనే మొదలుపెట్టా, చెయ్యలేకపోతున్నా. హక్కు అనడం తప్పే. రోడ్డు సగం వడ్లకు, మిగతా సగం ఎదురొచ్చే లారీకి ఇచ్చి మధ్యలో బైకువాణ్ని నిలబెట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ రైతును తిట్టేముందు ఒక్కటి ఆలోచించండి. వడ్లు కొనే సెంటర్‌లో తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరు. ఆరబెట్టుకోవడానికి చోటు ఏది? ఇంటి ముందు వాకిలి సీసీ రోడ్డులో కలిసిపోయింది, పాత కళ్లం ప్లాటయిపోయింది. ఉపాధి హామీ డబ్బుతో సిమెంటు కల్లాలు కట్టిస్తే, ఆ డబ్బు అందుకు కాదు, 150 కోట్లకు పైగా వాపసు కట్టమని 2022లో కేంద్రం మన తెలంగాణ రాష్ట్రాన్ని అడిగింది. అటు వాళ్లూ ఇటు వీళ్లూ కొట్లాడుకుంటుంటే మధ్యలో మబ్బు పడుతుంది, రైతు తారు రోడ్డు చూసుకుంటాడు. నేనైనా అంతే చేస్తా. నా కోపం వడ్ల మీద కాదు, రాళ్ల మీద. కుప్ప చుట్టూ బండరాళ్లు పేరుస్తారు, పైన నల్ల టార్పాలిన్ కప్పుతారు, వడ్లెత్తుకుని పోయేటప్పుడు రాళ్లు మాత్రం రోడ్డు మీదే వదిలేస్తారు. నల్ల రోడ్డు మీద నల్ల కవరు రాత్రిపూట ఎవడికి కనిపిస్తుంది? కనీసం రాళ్లన్నా పక్కకు దొర్లించి పోండి, అది చేయడానికి ఏ పథకమూ అక్కర్లేదు.

ఇక మొదటి ముక్క. నా అసలు మంట దీని మీదే.

ఊరి రోడ్డు వేరు, ఊరి మీదుగా పోయే రోడ్డు వేరు. మన గల్లీలు, సీసీ రోడ్లు పంచాయతీవి. జాతీయ రహదారులు, రాష్ట్ర రహదారులు, జిల్లా, మండల పరిషత్తుల రోడ్లు పంచాయతీవి కావని పంచాయతీరాజ్ చట్టమే చెబుతుంది. మన ఊరి మధ్య నుంచి పోతున్నంత మాత్రాన ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) రోడ్డు మనదైపోతే, మన ఇంటి మీదుగా పోయే కరెంటు తీగ కూడా మనదే, చెయ్యి పెట్టి చూడండి మరి.

సరే, అధికారం సంగతి పక్కన పెట్టండి. బ్రేకర్ ఎలా ఉండాలో మెసేజ్‌లో ఒక్క ముక్కన్నా ఉందా? రోడ్లు ఎలా వేయాలో ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ దీనికి ఐఆర్‌సీ 99 అని ఒక పుస్తకమే వేసింది. ఎత్తు 10 సెంటీమీటర్లు. వెడల్పు 3.7 మీటర్లు, అంటే పన్నెండు అడుగులు! బండి మెల్లగా ఎక్కి మెల్లగా దిగాలి, పాతిక స్పీడులో వచ్చేవాడికి నడుము కదలకూడదు. పైన నలుపు తెలుపు పట్టీలు, నలభై మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు. మనం వేసేవేంటి? జానెడు ఎత్తు, మూరెడు వెడల్పు, రంగు లేదు, బోర్డు లేదు, లైటు లేదు. వాటిని బ్రేకర్లు అనకూడదు, రోడ్డుకు అడ్డంగా కట్టిన పొలం గట్లు అనాలి. 2015లో స్పీడ్ బ్రేకర్ల వల్లే దేశంలో మూడు వేల మందికి పైగా చనిపోయారని కేంద్రం లెక్కలే చెప్పాయి, ఆ మరుసటి ఏడే జాతీయ రహదారుల మీద బ్రేకర్లు తీసేయమని ఆదేశాలిచ్చారు.

అదే పుస్తకంలో ఇంకో మాట ఉంది, మనవాళ్లలో ఎక్కువమందికి వింతగా అనిపిస్తుంది. స్పీడుగా బండ్లు పోయే పెద్ద రోడ్డులో ఊరి చిన్న రోడ్డు కలిసే చోట బ్రేకర్ వేయాల్సింది చిన్న రోడ్డు మీద. అవును, మన వైపు. ఆలోచిస్తే అర్థమవుతుంది. మా దగ్గర జరిగిన యాక్సిడెంట్లలో సగానికి పైగా ఊళ్లోంచి ట్రాక్టరో బండో అటూ ఇటూ చూడకుండా సర్రున మెయిన్ రోడ్డెక్కితే జరిగినవే. అక్కడ ఆగాల్సింది మనం. కానీ "మనం ఆగుదాం" అని రాస్తే ఆ మెసేజ్ ఎవడు ఫార్వర్డ్ చేస్తాడు? తప్పు ఎప్పుడూ లారీవాడిదే కదా.

ఇంత తెలిసినవాడిలా మాట్లాడుతున్నా గానీ, అసలు సంగతి చెప్పేస్తా. మా ఊరి మెయిన్ రోడ్డు మీదున్న గట్టుకు చందా ఇచ్చినవాళ్లలో నేనూ ఉన్నా. రెండు వందలు. బడికి పోయే పిల్లాణ్ని లారీ గుద్దింది, కాలు విరిగింది, ఊరంతా రోడ్డు మీద కూర్చున్నాం, వచ్చినాయన "పై వాళ్లకు రాస్తాం" అని పోయాడు. నెల చూశాం. ఒక రాత్రి కుర్రాళ్లు కంకర, తారు తెచ్చి పోసేశారు, నేను టార్చిలైటు పట్టుకున్నా కూడా. చాలా గొప్పపని చేశామనుకున్నాం.

నాలుగు నెలలకు మా మేనత్త, తన కొడుకు నడుపుతున్న బండి వెనక కూర్చుని పెళ్లి నుంచి వస్తోంది. చీర కట్టుకుని పక్కకు కూర్చుంటారు కదా మన ఆడవాళ్లు, ఒక చేత్తో సీటు, ఇంకో చేతిలో గిన్నె. రాత్రి తొమ్మిది. ఊరు దగ్గరికొచ్చేశాం అనుకునే చోటే ఆ గట్టు. అతను పెద్ద స్పీడులో ఏం లేడు. ఆమె గాల్లోకి లేచి వెనక్కి పడింది. బతికింది. కుడిచెయ్యి ఇప్పటికీ తల దాకా లేవదు, జడ కోడలే వేస్తుంది. ఆసుపత్రికి తీసుకుపోతుంటే 108 కూడా అదే గట్టు ఎక్కి దిగింది, ఆ ఒక్క కుదుపుకు ఆమె పెట్టిన కేక నాకింకా చెవిలో ఉంది.

అందుకే "యువకులారా కదలండి" అని ఎవడో ఏసీలో కూర్చుని రాస్తే నాకు మండుతుంది. ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా, ఆ మెసేజ్‌లో ఉన్న విసుగు అబద్ధం కాదు. అర్జీలకు కదలరు, శవం లేస్తే కదులుతారు, రాస్తారోకో చేసిన మర్నాడు పొద్దున్నే తారు డబ్బా వస్తుంది. ఇది ఊళ్లవాళ్లకు నేర్పింది ఆఫీసులే. పైగా 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు మన ఊళ్లకు సర్పంచులే లేరు, స్పెషల్ ఆఫీసర్లతో నెట్టుకొచ్చాం, తీర్మానం చేయడానికి పాలకవర్గమే లేదు.

కానీ ఇప్పుడున్నారు. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. ఇందిరమ్మ ఇళ్ల లిస్టు చదివే రోజు టెంటు చాలదు, లిస్టు అయిపోగానే కుర్చీలు ఖాళీ. ఈసారి ఇంకో అరగంట కూర్చోండి. మలుపు దగ్గర సర్కారు తుమ్మ కొట్టించడం పంచాయతీ పని. కూడలిలో లైటు పంచాయతీ పని. మన గల్లీ మెయిన్ రోడ్డులో కలిసే చోట కొలతల ప్రకారం బ్రేకర్ వేయడం కూడా పంచాయతీ చేతిలోదే, ఇంజినీరుతో గీత గీయించుకుంటే చాలు. పెద్ద రోడ్డుకు మాత్రం తీర్మానం చేసి, ఆ రోడ్డు ఎవరిదో వాళ్లకే పంపాలి: బోర్డులు, రంబుల్ స్ట్రిప్స్ (బండిని గరగరలాడించి హెచ్చరించే సన్న పట్టీలు), బడి దగ్గర జీబ్రా గీతలు, మా గట్టును తీసి సరిగ్గా చేయడం. నాలుగేళ్లలో అక్కడ ఎన్ని యాక్సిడెంట్లయ్యాయో తేదీలతో రాసి జత చేద్దాం, స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ నంబర్లు దొరుకుతాయి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర వేయించుకుని రావాలి, మర్చిపోవద్దు. ముద్ర లేని కాగితం ఇవ్వనట్టే.

అది వచ్చేలోపు ఆ గట్టు మీద రంగన్నా కనపడాలి. పట్టీల కొలతలు నేను రాసుకున్నా. సారూ, మీకు పంపిస్తా, ఒకసారి సరిచూసి పెట్టండి, లెక్కల్లో నా సంగతి మీకు తెలిసిందే కదా.