వీడియో గేమ్స్ ఆడటం వస్తే గేమ్ స్టూడియోలో ఉద్యోగం ఖాయమా?

ఆ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. "గేమ్స్ ఆడటం వస్తే చాలు. ఆరు నెలల్లో ఒక ఇంజిన్ (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటే స్టూడియోలో ఉద్యోగం ఖాయం. డిగ్రీ అక్కర్లేదు, లెక్కలు అక్కర్లేదు. ఉద్యోగం వద్దనుకుంటే ఒక్కరే ఇంట్లో కూర్చుని ఆట చేసి కోట్లు సంపాదించవచ్చు." నిన్న ఒక్కరోజే ముగ్గురు పంపారు. మూడోసారికి ఓపిక పోయింది కాబట్టి ఒక్కో ముక్కకీ జవాబు రాస్తున్నా.

ఆడటం వస్తే చాలట. ఆడేవాడు గుంత దూకేసి ముందుకెళ్లిపోతాడు, చేసేవాడు ఆ గుంత దగ్గరే వారాల తరబడి కూర్చుంటాడు. ఎంత ఎత్తు ఎగరాలి, బటన్ వదిలేస్తే ఎంత త్వరగా కిందికి రావాలి, అంచు దాటిపోయాక బటన్ నొక్కితే దూకనివ్వాలా వద్దా? చాలా ఆటల్లో రెప్పపాటు సేపు దూకనిస్తారు, దాన్ని కొయోటీ టైమ్ అంటారు. వందల గంటలు ఆడినవాళ్లకి కూడా అలాంటిదొకటి ఉందని తెలియదు, ఎందుకంటే తెలియకుండా ఉండాలనే పెడతారు.

లెక్కలు అక్కర్లేదన్నది సగం నిజం. బొమ్మలు వేసేవాళ్లకీ సంగీతం చేసేవాళ్లకీ పెద్దగా అక్కర్లేదు. కోడ్ రాసేవాళ్లకి మాత్రం శత్రువు ముందున్నాడా వెనకున్నాడా కనుక్కోవాలన్నా వెక్టర్లు, అంటే దిశనీ దూరాన్నీ కలిపి చెప్పే లెక్కలు, కావాలి.

ఇక ఆరు నెలల కోర్సు. నాకు అసలు కోపం ఇక్కడే. మా టీమ్‌కి వచ్చే పోర్ట్‌ఫోలియోలు, అంటే ఉద్యోగం కోసం పంపే సొంత పనుల నమూనాలు, నేను చూస్తుంటాను. పదింట్లో ఏడెనిమిది ఒకే జాంబీ షూటర్, అదే ఉచిత మోడల్స్, అదే వీడియో పాఠం చూసి చేసింది, తుపాకీ రంగు మాత్రం వేరు. మెనూ ఉండదు, పాజ్ పనిచేయదు, చచ్చిపోతే మళ్లీ మొదలుపెట్టే దారి ఉండదు. ఇంజిన్‌లో ఏ బటన్ ఎక్కడుందో నేర్పారు గానీ ఆటని పూర్తి చేయడం నేర్పలేదు. అది పిల్లల తప్పు కాదు, ఫీజు తీసుకున్నవాళ్ల తప్పు.

డిగ్రీ సంగతి మాత్రం ఒప్పుకుంటా, చాలాచోట్ల అడగరు. అలాగని చదువు దండగ అనడానికీ లేదు. ఆటల తయారీ నేర్పే అమెరికా కాలేజీ డిజిపెన్ విద్యార్థులు 2005లో నార్బాక్యులర్ డ్రాప్ అనే చిన్న ఆట చేస్తే వాల్వ్ అనే గేమ్ కంపెనీ ఆ టీమ్‌ని పిలిచి ఉద్యోగాలిచ్చింది, 2007లో వచ్చిన పోర్టల్ అనే పేరున్న ఆట దాన్నుంచి పుట్టిందే. వాల్వ్ చూసింది సర్టిఫికెట్ కాదు, ఆడగలిగే ఆటని.

ఉద్యోగం ఖాయం? 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన గేమింగ్ విభాగంలోనే 1,900 మందిని తీసేసింది. అలా బయటికొచ్చిన అనుభవజ్ఞులూ కొత్తవాళ్లూ ఒకే ఖాళీకి అప్లై చేస్తున్నారు. ఖాయం అన్న మాట ఎవరన్నా అంటే అక్కడే లేచి వచ్చేయండి.

ఒక్కరే చేసి కోట్లు సంపాదించిన కథల్లో ముందు చెప్పేది స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం ఆట. నిజమే, ఎరిక్ బరోన్ ఒక్కడే చేశాడు. కానీ నాలుగేళ్లకు పైగా పట్టింది, 2016లో విడుదలయ్యేదాకా థియేటర్‌లో పార్ట్‌టైమ్ పని చేసుకున్నాడు, ఇల్లు గడవడానికి సహచరి సంపాదన తోడైంది. మెసేజ్‌లో ఈ భాగం ఉండదు. యాంగ్రీ బర్డ్స్‌కి ముందు దాన్ని చేసిన రోవియో కంపెనీ యాభైకి పైగా ఆటలు చేసిందన్నదీ ఉండదు. ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో 100 డాలర్లు కడితే ఎవరైనా ఆట పెట్టొచ్చు, అందుకే 2024లో 18,000కు పైగా వచ్చి పడ్డాయి. వాటిలో మీరెన్నిటి పేర్లు విన్నారు?

తమ్ముడి వరసవాడు ఒకడు కోర్సులో చేరనా అన్నా అని అడిగాడు. డబ్బు కట్టే ముందు అక్కడ చదివినవాళ్లు పూర్తి చేసిన ఆటలు రెండు ఆడి చూడమన్నాను. గోడో ఇంజిన్ ఉచితమే కదా, ఈలోగా బంతితో ఇటుకలు పగలగొట్టే ఆట ఒకటి, టైటిల్ నుంచి గేమ్ ఓవర్ దాకా, నువ్వే చేసి చూపించరా అన్నాను. నెల దాటింది. ఇటుకలు రెండు రోజుల్లోనే పగిలాయట, పాజ్ మెనూ దగ్గర మాత్రం వాడింకా కుస్తీ పడుతున్నాడు.