రికవరీ కీ అడిగితే అది వైరస్ కాదు, ఫార్మాట్ కొట్టకండి

మొన్న ఆదివారం నుంచి ఆ మెసేజ్ నాకు ఐదుసార్లు వచ్చింది. పదో తరగతి బ్యాచ్ గ్రూపులో రెండుసార్లు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకసారి, ఆఫీసులో ఒకసారి, నిన్న రాత్రి మా చిన్నాన్న నుంచి. "కంప్యూటర్ లాగిన్ కావట్లేదా? షాపుకు పరిగెత్తకండి, ఈ ఆరు చిట్కాలు చాలు" అని మొదలవుతుంది. మొదటి నాలుగుసార్లు ఊరుకున్నాను. చిన్నాన్న లాప్‌టాప్‌లో మా ఇంటి పెళ్లిళ్ల ఫోటోలన్నీ ఉన్నాయి కాబట్టి ఇక ఊరుకోలేను.

ముందు ఆరో చిట్కా. "నీలి తెర మీద రికవరీ కీ అడిగితే వైరస్ పట్టిందని అర్థం. వెంటనే ఫార్మాట్ కొట్టండి" అంటుంది. ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. అది బిట్‌లాకర్ తెర. డిస్కులోని సమాచారానికి విండోస్ తానే వేసిన తాళం అది. ఇప్పుడొచ్చే విండోస్ 11 లాప్‌టాప్‌లలో చాలావాటికి మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదటిసారి లాగిన్ కాగానే ఆ తాళం దానంతటదే పడుతుంది. మనల్ని గట్టిగా అడగదు, మనం గమనించం. తర్వాత ఎప్పుడో బయాస్ (విండోస్ కంటే ముందు కంప్యూటర్‌ను లేపే ప్రోగ్రాము) అప్‌డేట్ అయినా, మదర్‌బోర్డు మార్చినా, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగ్ కదిలినా, "ఇది నా పాత యంత్రమేనా?" అని అనుమానపడి 48 అంకెల కీ అడుగుతుంది.

ఆ కీ ఎక్కడుంటుంది? చాలామందికి తమ మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే ఉంటుంది. ఫోన్‌లో ఆ ఖాతా తెరిచి, డివైసుల జాబితాలో మీ లాప్‌టాప్ పేరు కింద చూడండి. నీలి తెర మీద కనిపించే కీ ఐడీతో అక్కడున్నదాన్ని సరిపోల్చుకుని ఆ అంకెలు కొట్టండి. ఆఫీసు లాప్‌టాప్ అయితే ఐటీ విభాగం వాళ్లను అడగండి. పది నిమిషాల పని.

మా పెద్దమ్మ కొడుక్కి ఈ పది నిమిషాల సంగతి ఎవరూ చెప్పలేదు. షాపువాడు "వైరస్ అన్నా, కొట్టేద్దామా?" అన్నాడు, అన్నయ్య సరే అన్నాడు. నాన్నమ్మ మాట్లాడిన వీడియోలు అందులోనే ఉన్నాయి. సాయంత్రం నేను వెళ్లి అన్నయ్య ఖాతా తెరిచి చూస్తే కీ అక్కడే ఉంది, కానీ అది తెరవాల్సిన డిస్కులో ఏమీ మిగల్లేదు. తాళం పడిన డిస్కును ఫార్మాట్ చేశాక కీ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఈ చిట్కా రాసిన పెద్దమనిషి ఆ వీడియోలు తెచ్చిస్తాడా?

2024 జులై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పంపిన తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో చేతితో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫోటో అందరూ చూసే ఉంటారు. అది వేరే రకం నీలి తెర, కానీ అదీ వైరస్ కాదు. సేఫ్ మోడ్‌లోకి (అవసరమైనవాటితో మాత్రమే విండోస్ తెరుచుకునే పద్ధతి) వెళ్లి ఒక ఫైలు తీసేస్తే చాలు, బిట్‌లాకర్ ఉన్నచోట ముందు కీ కొట్టాల్సి వచ్చింది. ఆ రోజు అందరూ ఈ ఆరో చిట్కా పాటించి ఉంటే ఏమయ్యేది?

ఇక మూడోది. "మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ తీసి పెడితే పాస్‌వర్డ్ పోతుంది." విండోస్ పాస్‌వర్డ్ ఉండేది డిస్కులో, బ్యాటరీలో కాదు. పైగా బ్యాటరీ తీస్తే బయాస్ సెట్టింగులు మారిపోయి, అంతవరకు లేని ఆ బిట్‌లాకర్ నీలి తెర రావచ్చు. అంటే మూడో చిట్కా పాటించినవాళ్లను ఈ మెసేజే ఆరో చిట్కా దాకా తీసుకెళ్తుంది!

అయినా బ్యాటరీ మాటలో కొంత నిజముందని ఒప్పుకోవాలి. పాత డెస్క్‌టాప్‌లలో బయాస్‌కు పెట్టిన పాస్‌వర్డ్ అలా పోయేది. బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి వెళ్తుంది కూడా. ఆఫీసు డొమైన్‌కు, అంటే లాగిన్‌లను ఆఫీసు సర్వరే సరిచూసే నెట్‌వర్క్‌కు, కలిపిన కంప్యూటర్‌లో గడియారం 5 నిమిషాలకు మించి తేడా ఉంటే సరైన పాస్‌వర్డ్ కొట్టినా లోపలికి రానివ్వకపోవచ్చు. నేనే ఒకసారి రెండు గంటలు తల పట్టుకున్నాక తేదీ చూసుకున్నాను. కాబట్టి బ్యాటరీ అయిపోతే మార్చండి. పాస్‌వర్డ్ కోసం మాత్రం పీకకండి.

నాలుగోది, తెర మీద కనిపించిన నంబరుకు ఫోన్ చేయమనడం. చేయకండి. మైక్రోసాఫ్ట్ ఇచ్చే అసలైన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. ఇప్పటికే చేసి డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి. ఐదోది, ఏదో అన్‌లాక్ సాఫ్ట్‌వేర్ లింకు. దాన్ని ముట్టుకోకండి, అంతే.

మొదటిది, రీస్టార్ట్ చేయమనడం. ఇది మంచి సలహానే. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే సరిపోతుందని నేను చాలాకాలం వాదించాను, అది నా పొరపాటు. త్వరగా ఆన్ కావడానికి విండోస్‌లో ఉండే ఫాస్ట్ స్టార్టప్ సెట్టింగ్ ఆన్‌లో ఉన్నప్పుడు షట్‌డౌన్ అన్నిటినీ కొత్తగా మొదలుపెట్టదు, రీస్టార్ట్ మొదలుపెడుతుంది.

రెండోది క్యాప్స్ లాక్ చూడమంటుంది. సరే. కానీ మనవాళ్లకు అంతకంటే ఎక్కువ తిప్పలు పెట్టేది తెలుగు కీబోర్డు. దాన్ని పెట్టుకున్నవాళ్లు లాగిన్ తెర కింద కుడి మూల ఏ భాష ఉందో చూడండి. తెలుగులో ఉంటే మీ పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా తప్పే అంటుంది, చుక్కలే కనిపిస్తాయి కాబట్టి మీకు తెలియదు. అలాగే ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ ఖాతా పాస్‌వర్డ్ మార్చాక కంప్యూటర్‌కు నెట్ లేకపోతే అది పాతదే అడుగుతుంది. ముందు వైఫై కలపండి.

చిన్నాన్నా, నీ లాప్‌టాప్ ఇప్పుడు బాగానే తెరుచుకుంటోంది కదా. ఈ రాత్రే నీ ఖాతాలో ఆ 48 అంకెలు వెతికి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టు. దొరక్కపోతే నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా పర్లేదు.