పద్దెనిమిది దాటితే ఎక్కడికి పోవాలి?

మా తమ్ముడికి ముప్పై దాటాయి. బుద్ధిమాంద్యం. "కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయిగా!" అని వైకల్యం సర్టిఫికెట్ కోసం పరీక్షకి తీసుకెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పించి పెట్టుకుంటాడు. నోటిచ్చి చిల్లర లెక్క చూసుకోలేడు. కాలవ గట్టు మీద ఒక్కణ్ణీ వదలలేం. ఇవి చేతులు చూస్తే కనబడతాయా?

నెలకు 6,000 పింఛను వస్తోంది, కాదనను, అదే లేకపోతే మందులు కూడా కష్టం. కానీ వాడు పగలంతా ఎక్కడుండాలి? ఇలాంటి చిన్నపిల్లలకి చదువూ శిక్షణా ఇచ్చే ప్రభుత్వ భవిత కేంద్రాలున్నాయి. ఎదిగినవాళ్లకి మా కోనసీమ పల్లెల్లో ఏముంది? అరుగు, అమ్మ. అంతే.

బ్యాంకులో సంరక్షకుల పత్రం తెమ్మన్నారు. బుద్ధిమాంద్యం లాంటివి ఉన్నవాళ్ల కోసం తెచ్చిన 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం కలెక్టర్ ఉండే స్థానిక కమిటీ అది ఇవ్వాలి. ఆ మాట చెబితే ఆఫీసులో ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, చివరికి "కోర్టుకెళ్లండి" అంటారు.

అమ్మకి డెబ్బై. వాడికి స్నానం చేయించి లేచేసరికి నడుం పట్టేస్తోంది. రోజూ కాసేపు చూసుకునే మనిషిని ఇవ్వండయ్యా అంటే, "పింఛను వస్తోందిగా" అంటారు. డబ్బు వచ్చి వాడికి నీళ్లు పోస్తుందా? మండలానికొక పగటి కేంద్రం పెట్టండి, వాణ్ణి తీసుకెళ్లడానికి ఆటో పంపండి. మేం అడిగేది ఇదే.