బూజు పట్టిస్తే గడ్డిలో ప్రొటీన్ పెరుగుతుందా?

పుట్టగొడుగు శిలీంధ్రాన్ని పెంచితే మేకల మేతలో ప్రొటీన్ పెరుగుతుందని ప్రచారం ఉంది. వంద కిలోల ఎండు వరిగడ్డిలో మాంసకృత్తులు (ప్రొటీన్) 4 కిలోలుంటే ఎక్కువ. దానికి ముత్యపు చిప్ప పుట్టగొడుగు విత్తనం కలిపి మగ్గబెడితే, శిలీంధ్రం తాను బతకడానికి ఓ 15 కిలోల గడ్డి తినేసిందనుకుందాం. మిగిలిన 85 కిలోల్లోనూ ఉండేది ఆ 4 కిలోలే. శాతం మాత్రం 4.7కి చేరుతుంది. ప్రొటీన్ పెరిగిందన్న ప్రచారంలో చాలా భాగం ఈ లెక్కే. గాలిలోని నత్రజనిని పట్టే గుణం దీనికి లేదు.

అసలు లాభం గడ్డిని గట్టిపరిచే లిగ్నిన్ అనే పదార్థం దగ్గర. మేక పొట్టలోని సూక్ష్మజీవులు గాలి లేనిచోట దాన్ని విడగొట్టలేవు. ఈ శిలీంధ్రం విడగొడుతుంది. అందుకే తెనాలి, దుగ్గిరాల వైపు మిగిలే మొక్కజొన్న చొప్పకు ఇది పనికొస్తుంది. మినప పొట్టుకు, వేరుశనగ కట్టెకు దండగ, మేకలు వాటిని ఎలాగూ ఇష్టంగా తింటాయి. వరిగడ్డిలో అరుగుదలకు అడ్డుపడే, ఇసుకలాంటి సిలికా మాత్రం ఎక్కడికీ పోదు.

చొప్ప కోత వేసవి మొదట్లో. గుంటూరు ఎండలో ఈ శిలీంధ్రానికి కావాల్సిన 25 డిగ్రీల గది ఎక్కడ దొరుకుతుంది? ఎండబెట్టి దాచి నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య చేసుకోవాలి. రెండంగుళాల ముక్కలు కోసి రాత్రంతా నానబెట్టి, 80 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచి వార్చాలి. గుప్పిట పిండితే చెయ్యి తడవాలి, నీళ్లు కారకూడదు. వంద కిలోల ఎండు చొప్ప తడిశాక 250 కిలోలు దాటుతుంది. దానికి 5 కిలోల విత్తనం. రంధ్రాలున్న సంచుల్లో నింపి నీడలో పెడితే మూడు, నాలుగు వారాల్లో తెల్లగా అల్లుకుంటుంది. పుట్టగొడుగు మొగ్గ తొడగక ముందే విప్పి ఎండలో ఆరబెట్టాలి.

తడి ఎక్కువైనా, నానబెట్టిన నీళ్ల వేడి చాలకపోయినా ఆకుపచ్చ, నల్ల బూజులు ముందు పాకుతాయి. పైపైన తీసేసి మిగతాది వేద్దామనుకోవద్దు, సంచి మొత్తం పారేయాలి. బూజు విషాలు కంటికి కనబడవు, చూడి మేకలు ఈసుకుపోయే ప్రమాదం ఉంది.

30 కిలోల మేక రోజుకు తినే ఎండు మేత సుమారు కిలో. అందులో ఈ మగ్గిన చొప్ప 300 గ్రాములు దాటనివ్వొద్దు, అదీ 100 గ్రాములతో మొదలుపెట్టి పది రోజుల్లో. మిగతాది సుబాబుల్, అవిశ ఆకు. పోతును కలిపే ముందు రెండు మూడు వారాలు, ఈనబోయే ముందు నెలన్నర 250 గ్రాముల దాణా తప్పదు. చూడి చివరి నెలల్లో కడుపులోని పిల్లలు పొట్టను నొక్కేస్తాయి, చొప్ప ఎంత మెత్తబడినా పట్టే చోటుండదు.

పుట్టగొడుగుల షెడ్లలో వాడి పడేసిన సంచులు ఊరికే వస్తున్నాయని తెచ్చి వేయకండి. చాలాచోట్ల ఆ గడ్డిని కార్బెండజిమ్ (బూజు మందు), ఫార్మలిన్ (క్రిములను చంపే రసాయనం) కలిపిన నీళ్లలో నానబెడతారు.