ఎటూ వెళ్లలేని మిత్రుడు

మంచి స్నేహితుడికి ఉండవలసిన లక్షణమేమిటని ఎవరైనా నన్ను అడిగితే, ఎంతోకాలం ఆలోచించి తేల్చుకున్న ఒక్కటే చెబుతాను: మనం చెప్పేది పూర్తయ్యేవరకు అతడు లేచి వెళ్లిపోకూడదు. మిగిలిన సుగుణాలన్నీ దీని తరువాతే. దీన్నే గీటురాయిగా పెట్టుకుని నా పరిచయస్తులందరినీ ఒక్కొక్కరిగా పరీక్షించి చూశాను. ఒకరికి ఫోను వచ్చింది, ఒకరికి మరిచిపోయిన పని గుర్తుకు వచ్చింది, మరొకరు ఏ కారణమూ చెప్పకుండానే చెప్పులు వేసుకున్నారు. ఈ దుస్థితిలో ఉండగా నాకు జైలు ఆలోచన వచ్చింది. నేను వెళ్లడం కాదు. అప్పటికే అక్కడ ఉన్నవారిలో ఒకరితో కలం స్నేహం చేయడం.

ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదని వినయంగా ఒప్పుకుంటున్నాను. ఖైదీలకూ బయటివారికీ మధ్య ఉత్తరాలు నడిపించే సంస్థలు చాలా దేశాల్లో ఉన్నాయి. అమెరికాలో మరణశిక్ష పడి ఎదురుచూస్తున్నవారికి ఉత్తరాలు రాసేందుకు బ్రిటన్‌లో 1988లోనే ఒక సంస్థ వెలిసింది. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించి నెల్సన్ మండేలా పేరు పెట్టిన నిబంధనల్లో 58వది, ఖైదీకి కుటుంబసభ్యులతోనూ స్నేహితులతోనూ క్రమం తప్పకుండా సంబంధాలు నిలుపుకొనే వీలు ఉండాలని, అందులో ఉత్తరాలు కూడా చేరాలని చెబుతోంది. అయితే ఆ స్నేహితుడు ఎలాంటివాడై ఉండాలో, ఎంత పొడుగు ఉత్తరాలు రాయవచ్చో, రాసినదంతా ఖైదీ చదివి తీరాలో అక్కరలేదో అందులో ఎక్కడా లేదు. అంతర్జాతీయ సమాజం చేసిన ఈ చిన్న ఏమరుపాటులోనే నాబోటివాళ్లకు చోటు దొరికింది.

కలం స్నేహితుల కోసం ఎదురుచూసే ఖైదీల జాబితాల్లో ఫొటో, వయసు, అభిరుచులు, నేరం, విడుదల తేదీ వంటి వివరాలు ఉంటాయి. మానవతావాదులు అభిరుచులు చూస్తారనీ, పిరికివాళ్లు నేరం చూస్తారనీ అంటారు. నేను ముందుగా విడుదల తేదీ చూశాను. అది తగినంత దూరంలో ఉందని నిర్ధారించుకున్న తరువాతే తక్కిన వివరాల జోలికి వెళ్లాను. నేను ఎంచుకున్న వ్యక్తి ఇతరుల సంతకాలు పెట్టి శిక్ష పడినవాడు. హత్య అంటే నాకు భయం, దొంగతనం అంటే కొంచెం చులకన. ఫోర్జరీలో మాత్రం ఎంతో కొంత చదువు కనిపిస్తుంది. పైగా దస్తూరి బాగుంటుందని ఒక ఆశ.

రాయడానికి కూర్చున్నాక తెలిసింది, జైలులో ఉండడానికి ఉన్న నిబంధనల కంటే జైలుకు ఉత్తరం రాయడానికి ఉన్నవే ఎక్కువేమోనని. అమెరికాలో చాలా జైళ్లు స్టిక్కర్లు అంటించిన కవరును, మెరుపులు అద్దిన కార్డును, సెంటు చల్లిన కాగితాన్ని, లిప్‌స్టిక్ ముద్రను లోపలికి రానివ్వవు. కవరు మీద ఖైదీ నంబరు లేకపోతే ఉత్తరం వచ్చిన దారినే తిరిగి వెళుతుంది. పుస్తకం పంపాలంటే మన చేతుల మీదుగా కాక ప్రచురణకర్త దగ్గరి నుంచో దుకాణం నుంచో నేరుగా వెళ్లాలి. కాగితాన్ని మత్తుపదార్థాల్లో నానబెట్టి పంపేవారు ఉన్నారన్నది అధికారుల వాదన, అది అబద్ధమూ కాదు. ఆ కారణం చూపించే పెన్సిల్వేనియా రాష్ట్రం 2018లో తన ఖైదీలకు వచ్చే సొంత ఉత్తరాలన్నిటినీ ఎక్కడో ఫ్లోరిడాలో ఉన్న ఒక ప్రైవేటు కంపెనీకి మళ్లించింది. అక్కడ వాటిని స్కాన్ చేస్తారు, ఖైదీకి నకలు వెళుతుంది, అసలును కొంతకాలం ఉంచి నాశనం చేస్తారు. తల్లి రాసిన ఉత్తరంలో తల్లి చెయ్యి తాకిన కాగితం తప్ప అన్నీ అందుతాయి. ఇక కాగితం గొడవే లేకుండా ట్యాబ్లెట్ కంప్యూటర్‌లో సందేశాలు పంపుకొనే ఏర్పాటు చాలా రాష్ట్రాల్లో ఉంది. దానికి ఒక్కో సందేశానికి ‘స్టాంపు’ కొనాలి. కవరు లేదు, జిగురు లేదు, పోస్టుమాన్ లేడు, స్టాంపు మాత్రం ఉంది. నాగరికత దేన్ని వదులుకోవాలో, దేన్ని వదులుకోకూడదో తెలిసినవాళ్లు పెట్టిన ఏర్పాటు అది.

ఈ నిబంధనలన్నిటినీ పాటిస్తూ నా మొదటి ఉత్తరం పద్నాలుగు పేజీలు వచ్చింది. పై ఉద్యోగి నాకు చేసిన అన్యాయం, పక్కింటివారి కుక్క, చిన్నప్పుడు బహుమతి నాకు రావలసి ఉండగా మరొకరికి ఇచ్చిన మాస్టారు, నా మోకాలు, నా తమ్ముడు, మళ్లీ నా మోకాలు. చెప్పుకోవలసినవన్నీ వరుసగా చెప్పుకుని, చివర ‘మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను’ అని ఒక వాక్యం చేర్చాను. కొందరు మిత్రులు ఇది అతి అన్నారు. 1897లో ఇంగ్లండ్‌లోని రెడింగ్ జైలులో ఉండగా రచయిత ఆస్కార్ వైల్డ్ ఒకే ఒక్క ఉత్తరం సుమారు 50 వేల మాటలు రాశాడనీ, దాన్ని పోస్టు చేయడానికి జైలువారు ఒప్పుకోక విడుదలైనప్పుడు చేతికిచ్చి పంపారనీ వారికి గుర్తు చేశాను. దక్షిణాఫ్రికాలోని రాబెన్ దీవి జైలులో తొలినాళ్లలో మండేలాకు ఆరు నెలలకు ఒక్క ఉత్తరం, అదీ 500 మాటలకు మించకుండా రాసుకొనే అనుమతి ఉండేదని వారు నాకు గుర్తు చేశారు. అయిదు వందల మాటలు నా మోకాలికే చాలవు.

ఫిర్యాదుల విషయంలో నేను చదివి ఉలిక్కిపడిన సంగతి ఒకటుంది. కాలిఫోర్నియా జైళ్లలో ఒకప్పుడు ఖైదీలు తమ ఉత్తరాల్లో ‘మితిమీరి ఫిర్యాదు చేయకూడదు’, ‘కష్టాలను పెంచి చెప్పకూడదు’ అన్న నిబంధనలు ఉండేవి. 1974లో అమెరికా సుప్రీంకోర్టు ఆ రకపు సెన్సారును కొట్టివేసింది. తీర్పు సబబే. కాని ఆ నిబంధనను జైలు లోపలివారికి పెట్టాలని ఎవరికి తోచిందో నాకు అంతుపట్టలేదు. బయటివారికి పెట్టి ఉంటే నా ఉత్తరాల్లో తేదీ, సంతకం తప్ప ఏమీ మిగిలేవి కావు. మన దేశంలోనూ తీహార్ జైలులో మరణశిక్ష పడి ఉన్న సునీల్ బాత్రా అనే ఖైదీ సుప్రీంకోర్టు న్యాయమూర్తికి ఒక ఉత్తరం రాశాడు. కోర్టు దాన్నే పిటిషన్‌గా స్వీకరించి 1979లో తీర్పు చెప్పింది. ఉత్తరం రాసే అలవాటున్నవాడిగా ఆ సంగతి ఆసక్తితో చదివాను. అందులో అతడు తన గురించి ఏమీ అడగలేదట. పక్క ఖైదీని వార్డరు హింసించాడని మాత్రమే రాశాడట. పక్కవాడి గురించి ఉత్తరం రాయడమన్నది నాకు బొత్తిగా కొత్త ప్రక్రియ.

నెల తిరిగేసరికి జవాబు వచ్చింది. కవరు అంచు కత్తిరించి మళ్లీ టేపు వేసి ఉంది, మూల మీద తనిఖీ ముద్ర సగం పడి సగం పడలేదు. గీతల కాగితానికి రెండు వైపులా, అంచుల దాకా, ఒక్క అంగుళం వృథా చేయకుండా బాల్‌పెన్నుతో రాసిన సన్నటి అక్షరాలు. దస్తూరి విషయంలో నా ఆశ వమ్ము కాలేదు. నా ఫిర్యాదులన్నిటినీ అతడు చదివినట్టే ఉంది. పద్నాలుగింటికీ వరుసగా నంబర్లు వేసి ఒక్కోదానికి ఒక్కో వాక్యం సానుభూతి తెలిపాడు. మోకాలికి రెండు వాక్యాలు ఇచ్చాడు. చివర మాత్రం ఒక ప్రశ్న ఉంది: ‘మీ కిటికీలోంచి ఏం కనిపిస్తుంది?’

సూటిగా చెప్పాలంటే ఆ ప్రశ్న నాకు నచ్చలేదు. నా అంతరంగం పద్నాలుగు పేజీల్లో పరిచి పెడితే కిటికీ గురించి అడిగే మనిషిని ఏమనాలి? రెండో ఉత్తరంలో జవాబివ్వలేదు. అతడు మళ్లీ అడిగాడు. మూడోసారి అడిగేసరికి మర్యాద కోసం లేచి తెర పక్కకు జరిపి చూశాను. ఎదుటి భవనం గోడ. సున్నం పెచ్చులూడిన గోడ, దాని మీద ఒక నీళ్ల గొట్టం, గొట్టం పక్కన తడి మరక. ఉన్నదున్నట్టు రాయడానికి కలం పట్టుకుని, గోడ గురించి అతడికి నేను కొత్తగా చెప్పగలిగింది ఏముంటుందన్న సందేహం కలిగి, గోడ కొట్టేసి చెట్టు అని రాశాను.

ఆ ఒక్క మాటతో నా జీవితం తలకిందులైంది. ఏ జాతి చెట్టని అడిగాడు. పెద్ద జాతి అని రాశాను. పూస్తుందా అని అడిగాడు. పూయించాను. పిట్టలు వస్తాయా అన్నాడు. రెండు పిట్టలను రప్పించి, ఊరికే కూర్చోబెడితే బాగుండదని గూడు కట్టించి, గుడ్లు పెట్టించి, ఏ ఉత్తరంలో ఎన్ని గుడ్లు రాశానో మరిచిపోకుండా ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాను. ఆకు రాల్చడం ఒకసారి మరిచిపోయి మూడు నెలల తరువాత ఒకేసారి మొత్తం రాల్చవలసి వచ్చింది. ఈ పనిలో పడి నా మోకాలి గురించి రాయడానికి పేజీలు మిగలడం లేదు. బంధించబడ్డవాడు వినాలి, స్వేచ్ఛగా ఉన్నవాడు చెప్పాలి అన్న ఒప్పందం ఎక్కడ తిరగబడిందో తెలియకుండానే తిరగబడింది.

ఇంతలో నా ఉత్తరం ఒకటి తిరిగి వచ్చింది. ‘చెట్టు’ అన్న మాట పదేపదే వాడబడినందున అది సంకేతభాష కావచ్చునని తనిఖీ విభాగం అనుమానిస్తున్నదనీ, వివరణ ఇవ్వవలసిందనీ దానికి ఒక చీటీ జత చేసి ఉంది. నా ఉత్తరాలను అంత శ్రద్ధగా చదివే మరో మనిషి ఉన్నాడని తెలిసి కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లలో ఇంటిల్లిపాదీ చేయని పనిని ఆ గుమాస్తా జీతానికి చేస్తున్నాడు. చెట్టు అంటే చెట్టేనని, దాని వెనుక వేరే అర్థమేమీ లేదని ప్రమాణపూర్వకంగా రాసి పంపాను. ఆ మాటలో రెండో సగం నిజం.

ఖైదీలతో స్నేహం ప్రమాదమని చెప్పేవారు ప్రముఖుల ఉదాహరణలు చూపిస్తారు. జైలు జీవితం గురించి జాక్ హెన్రీ అబాట్ అనే అమెరికా ఖైదీ రాసిన ఉత్తరాలకు ముగ్ధుడైన నార్మన్ మెయిలర్ అతడి పెరోలుకు మద్దతు పలికాడు. 1981లో విడుదలైన అబాట్ కొద్ది వారాల్లోనే న్యూయార్క్‌లో ఒక హోటల్ వెయిటర్‌ను పొడిచి చంపాడు. మరణశిక్ష పడిన ఎడ్గార్ స్మిత్‌తో ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిపిన విలియం బక్లీ అతడు నిర్దోషి అని గట్టిగా నమ్మాడు; స్మిత్ 1971లో బయటికి వచ్చి, 1976లో ఒక స్త్రీని కత్తితో పొడిచి, మొదటి హత్య కూడా తానే చేశానని కోర్టులో ఒప్పుకున్నాడు. మెయిలర్, బక్లీ ఇద్దరూ పెద్ద రచయితలు. వాక్యం బాగుంటే మనిషి కూడా బాగుంటాడని నమ్మే జబ్బు రచయితలకే ఎక్కువ. అందుకే కలం స్నేహం నడిపే సంస్థలు ఇంటిపేరు చెప్పవద్దు, ఇంటి చిరునామా ఇవ్వవద్దు, డబ్బు పంపవద్దు అని జాగ్రత్తలు చెబుతాయి. ఆ జాగ్రత్తలన్నీ నేను తు.చ. తప్పకుండా పాటించాను. లోపలివాడు రాసిన ఉత్తరం నమ్మి బయటివాడు మోసపోకుండా ఉండేందుకు ఎన్ని ఏర్పాట్లు ఉన్నాయో చూసి ఆనందించాను కూడా. తిరుగు టపాలో వెళ్లే దాని గురించి ఏ సంస్థ ఏ ఖైదీనీ హెచ్చరించినట్టు లేదు.

పోయిన వారం వచ్చిన ఉత్తరంతో నాకు నిద్ర కరువైంది. సత్ప్రవర్తన కింద శిక్ష తగ్గి అతడు అనుకున్నదానికంటే ముందే విడుదల అవుతున్నాడట. సత్ప్రవర్తన వల్ల ఇంత నష్టం ఉంటుందని నేను ఊహించలేదు. వచ్చాక చేయదలచుకున్న పనులు నాలుగు రాశాడు: తల్లిని చూడడం, పళ్లు చూపించుకోవడం, పని వెతుక్కోవడం, వీలైతే, నాకు అభ్యంతరం లేకపోతే, వీధిలో నిలబడి ఒక్కసారి ఆ చెట్టును చూసి వెళ్లిపోవడం. లోపలికి రానక్కరలేదట. టీ కూడా వద్దట.

మూడు రోజులు ఆలోచించి, మొన్నటి గాలివానకు చెట్టు వేళ్లతో సహా కూలిపోయిందని, పిట్టలు క్షేమమని, చూసి తట్టుకోలేరు కనుక రావద్దని రాశాను. దాని కవరు అంటించకముందే అతడి దగ్గరి నుంచి మరో ఉత్తరం వచ్చింది. ముందు ఉత్తరంలో రాయడం మరిచిపోయాడట: కిందటేడు ఆ చెట్టు మా మూడో అంతస్తు దాకానే ఉండేదనీ, తరువాత ఒక ఉత్తరంలో అయిదు దాటిందనీ, పోయిన నెలలో మళ్లీ కిటికీ ఎత్తుకు దిగిందనీ తేదీలతో సహా రాసి, సంతకాల్లో ఇలాంటి తేడాల వల్లే పోలీసులు తనను పట్టుకున్నారని గుర్తు చేశాడు. అది మా ఇద్దరి మధ్యే ఉంటుందని, తాను వచ్చేలోగా కంగారుపడి దాన్ని కొట్టించవద్దని కింద ఒక వాక్యం ఉంది.

కూలిపోయిన ఉత్తరం చింపేసి, మళ్లీ మొదటి నుంచి రాస్తున్నాను. మూడో అంతస్తు దాకా అని నోటు పుస్తకంలో రాసుకున్నాను.