నాన్నకి నిద్ర పడుతోందా అని అడగండి

మా ఇంటికి పలకరింపుకి వచ్చేవాళ్లందరికీ ఒక మాట. నాన్నకి పాంక్రియాస్ క్యాన్సర్. లివర్‌కి పాకింది. ఆపరేషన్‌కి వీల్లేదన్నారు, కీమో కొన్నాళ్లు ఇచ్చి ఆపేశారు. ఈ సంగతి మీకు తెలుసు, మాకు తెలుసు, నాన్నకి అందరికంటే ముందే తెలుసు. కాబట్టి హాల్లో కూర్చుని గొంతు తగ్గించి "ఆయనకి చెప్పారా?" అని అడగొద్దు. మాది చిన్న ఫ్లాట్. అన్నీ వినపడతాయి.

ఇంకోటి. ఆకు పసరు, గోమూత్రం, లక్ష్మణఫలం ఆకుల కషాయం, ఎక్కడో ఊరి చివర పొట్లాలు కట్టిచ్చే పెద్దాయన... అన్నీ విన్నాం. వాట్సాప్‌లో పంపిన వీడియోలూ చూశాం. మీరు ప్రేమతోనే చెప్తున్నారు, కాదనను. కానీ ఇన్ని చెప్పినవాళ్లలో ఒక్కరంటే ఒక్కరు "రాత్రి నిద్ర పడుతోందా, నొప్పి ఎలా ఉంది?" అని అడిగితే ఒట్టు.

ఈ నొప్పి సంగతి చూసినవాళ్లకే తెలుస్తుంది. పొట్ట పైభాగంలో మొదలై వెన్నులోకి పొడుచుకుపోతుంది. వెల్లకిలా పడుకుంటే ఎక్కువవుతుంది, ముందుకు వంగితే కాస్త నయం. అందుకని నాన్న మంచం అంచున కూర్చుని, ఎదురుగా కుర్చీ వేయించుకుని, దాని మీద దిండ్లు పేర్చి, వాటికి నుదురు ఆనించి తెల్లారేదాకా అలాగే ఉండేవారు. ఆస్పత్రిలో చెప్తే పారాసెటమాల్, ట్రమడాల్ రాశారు. అవి చాలట్లేదంటే "ఇక చేసేదేం లేదమ్మా, ఇంటికి తీసుకెళ్లి అడిగింది పెట్టండి" అన్నారు.

నాకు ఒళ్లు మండేది సరిగ్గా ఈ మాటకే. క్యాన్సర్‌కి చేసేదేం లేకపోవచ్చు. నొప్పికి చేయాల్సింది బోలెడుంది. ముందు మామూలు మాత్రలు, చాలకపోతే ఇంకాస్త బలమైనవి, అవీ చాలకపోతే మార్ఫిన్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. మార్ఫిన్ మాత్ర ఖరీదైనదీ కాదు. ప్రభుత్వ లైసెన్సు మీద నల్లమందు పండించే దేశం మనది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లో రైతులు పండిస్తారు, నీమచ్, ఘాజీపూర్‌లలో ప్రభుత్వ ఫ్యాక్టరీలున్నాయి. మార్ఫిన్ తీసేది ఆ నల్లమందు నుంచే. ఇన్ని ఉండి, మా నాన్న కుర్చీకి తల ఆనించి ఎందుకు కూర్చోవాలండీ?

ఒక కారణం చట్టం. డ్రగ్స్ వ్యాపారాన్ని అరికట్టడానికి 1985లో తెచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం ధాటికి ఆస్పత్రులూ మందుల షాపులూ భయపడి మార్ఫిన్ పెట్టడమే మానుకున్నాయి. రాష్ట్రానికో లైసెన్సు తలనొప్పి. 2014లో చట్టాన్ని సవరించి గుర్తింపు ఉన్న ఆస్పత్రులకి దారి సులువు చేశారు. అయినా చాలాచోట్ల ఆ పేరెత్తితే మొహాలు చూసుకోవడమే.

ఇంట్లోవాళ్ల భయం ఇంకో రకం. మార్ఫిన్ మొదలుపెట్టామనగానే మా పెద్దత్త ఫోన్‌లో ఏడ్చేసింది, ఇక అయిపోయిందనుకుని. బావకేమో అలవాటు పడిపోతారేమోనని టెన్షన్. ఇంత జబ్బుతో ఉన్న నాన్నకి మందు అలవాటవుతుందన్న బెంగేమిటో నాకు అర్థం కాలేదు. ఆఖరికి మాకు దొరికిన పాలియేటివ్ కేర్ (జబ్బు నయం కాకపోయినా నొప్పీ బాధా తగ్గించే వైద్యం) డాక్టరుగారు ఓపిగ్గా విడమర్చి చెప్పారు. నొప్పికి తగ్గ మోతాదు చూసి ఇస్తే అది ప్రాణం తీసే మందు కాదు, నెలల తరబడి వాడేవాళ్లున్నారు. టైము ప్రకారం వేయాలి, నొప్పి వచ్చేదాకా ఆగకూడదు. మొదట్లో కాస్త మగతగా, వికారంగా ఉండొచ్చు. మలబద్ధకం మాత్రం ఖాయం, దానికి మొదటి రోజు నుంచే మందు వాడాలి.

నాన్న పక్కకి తిరిగి పడుకుని గురక పెట్టిన రాత్రి అమ్మ రెండుసార్లు లేచి చూసింది, ఊపిరి ఆడుతోందో లేదోనని. మర్నాటి నుంచి ఆయన పెత్తనం మొదలు. గీజర్ ఎవరు వదిలేశారు, కరెంటు బిల్లు ఇంతెందుకొచ్చింది, తోటకూర పప్పులో ఉప్పేదీ. తిన్నది రెండు ముద్దలు, పెట్టిన వంకలు నాలుగు. అమ్మ వంటింట్లోకి వచ్చి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అన్నట్టు నవంబర్‌లో పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ తంతు కూడా నడిచింది. ఆయన బతికే ఉన్నారని నిరూపించాలి. కీమో మాత్రలకి వేళ్ల చర్మం ఊడి ముద్రలు అరిగిపోయాయి, మెషిన్ ఎంతకీ తీసుకోదు. ముఖం చూపించి ఫోన్‌లోనే చేసుకునే వీలు 2021 నుంచి ఉంది కాబట్టి బతికిపోయాం. "కళ్లు ఆర్పండి" అని ఫోన్ అడిగితే నాన్న "ఇంకా ఆర్పగలను, రాసుకో" అన్నారు.

ఎవరింట్లోనైనా ఈ పరిస్థితి ఉంటే, "చేసేదేం లేదు" అన్న డాక్టరు దగ్గర ఆగిపోకండి. హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. ఖాజాగూడలో స్పర్శ్ హాస్పిస్ ఉంది, జబ్బు ముదిరినవాళ్లని చూసుకునే చోటు, డబ్బు తీసుకోరు. తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ సెంటర్లున్నాయి. నొప్పి భరించలేనంత పెరిగేదాకా ఆగి కాదు, జబ్బు ముదిరిందని తెలిసినప్పుడే వెళ్లండి.

ఇక మా ఇంటికి రావాలనుకుంటే తప్పకుండా రండి. ఆపిల్స్ మాత్రం తేవద్దు, ఫ్రిజ్‌లో చోటు లేదు, ఆయన తినలేరు. మధ్యాహ్నం మూడింటికి రండి. అమ్మ కాసేపు నడుం వాలుస్తుంది, నేను బ్యాంకుకీ మందుల షాపుకీ వెళ్లొస్తాను. జబ్బు గురించి కాకుండా ఊళ్లో సంగతులు ఏవైనా చెప్పండి. పేకముక్కలు టీవీ కింద సొరుగులో ఉంటాయి. రమ్మీలో ఆయన ముక్కలు దాస్తారు, చూసీ చూడనట్టు ఊరుకోండి.