పదో మనిషి రాలేదు

మొన్న పలాసలో ఒక పెద్దకర్మ భోజనాల దగ్గర, చదువుకున్న పెద్దమనిషి ఒకాయన విస్తరి ముందు కూర్చుని, "కరోనా టీకా మూడో డోసు వేయించుకోలేదు కాబట్టే బతికి బట్టకట్టాం" అన్నారు. చుట్టూ ఉన్న నలుగురూ తలలూపారు. కూర వడ్డిస్తున్న మా అమ్మ మారుమాట్లాడకుండా ముందుకు కదిలింది. ఆమె ఆశా కార్యకర్త. ఆమె నోరు విప్పలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

పోయినాయనకు నలభై రెండేళ్లు, గుండెపోటు. ఈ మధ్య మా ఉద్దానం ప్రాంతంలో ఏ వయసువారు కుప్పకూలినా నింద టీకా మీదకే పోతోంది. 18-45 ఏళ్ల మధ్య ఆరోగ్యంగా ఉంటూ హఠాత్తుగా చనిపోయినవారి గురించి భారత వైద్య పరిశోధన మండలి 47 ఆసుపత్రుల్లో అధ్యయనం చేసి 2023లో ఫలితాలు ప్రచురించింది. టీకా వల్ల ఆ ముప్పు పెరగలేదు, రెండు డోసులు వేసుకున్నవారిలో తగ్గింది కూడా. ముప్పు పెంచినవి వేరే ఉన్నాయి: కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరడం, కుటుంబంలో అలాంటి మరణాలు ఉండటం, మితిమీరి తాగడం, ఒంటికి మించిన శ్రమ. కోవిషీల్డ్ తరహా టీకాతో చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య వస్తుందన్నదీ నిజమే. ఐరోపా ఔషధ సంస్థ ఆ సంగతి 2021లోనే చెప్పింది. దాన్ని పట్టుకుని ఊళ్లో ప్రతి చావుకూ అంటగట్టడమే నాకు మింగుడుపడటం లేదు.

అంతకంటే కడుపుమంట ఇంకొకటి ఉంది. టీకాకు రానివాళ్లంతా మూఢనమ్మకాలతో భయపడ్డవాళ్లేనని పట్నంలో కూర్చుని తేల్చేస్తున్నారు. 2022 ఆగస్టులో మా ఊళ్లో జరిగింది చెబుతాను.

కోవిషీల్డ్ సీసాలో పది డోసులు ఉండేవి. ఒకసారి తెరిస్తే నాలుగు గంటల్లో వాడేయాల్సి వచ్చేది, మిగిలింది పారేయాల్సి వచ్చేది. ఆ రోజు మూడో డోసు కోసం గ్రామ సచివాలయం వరండాలో ఏడుగురు కూర్చున్నారు. వాళ్లలో వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లే మా మేనమామ ఒకరు. పదిమంది అయితేగాని సీసా తెరవలేనన్నారు టీకాలు వేసే ఏఎన్‌ఎం గారు. ఆమెను తప్పుపట్టను, వృథా అయిన డోసుకు సంజాయిషీ చెప్పుకోవాల్సింది ఆమే. మా అమ్మ జీడిపిక్కలు కొట్టే షెడ్డుకు పరుగెత్తింది. అక్కడ ఒకామె నల్లబడిన వేళ్లు చూపిస్తూ, "వదినా, రెండో డోసుకు రెండు రోజులు జ్వరం కాసింది. కిలోల లెక్కన కూలి మాది. ఆ రెండు రోజుల డబ్బు ఎవరిస్తారు?" అంది. మా అమ్మ దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ నా దగ్గరా లేదు. ఇద్దరు మాత్రం పని ఆపి వచ్చారు.

అంతకుముందు ఏప్రిల్‌లోనే పద్దెనిమిది దాటినవారు మూడో డోసు వేసుకోవచ్చన్నారు. కానీ అరవై లోపువారు ప్రైవేటు కేంద్రంలో డబ్బు కట్టాలి. మాకు దగ్గరలో అలాంటి కేంద్రమే లేదు. జూలై 15 నుంచి 75 రోజులు ఉచితమన్నారు. అప్పటికే మాస్కులు మూలపడ్డాయి, కరోనా పోయిందని జనం మనసులో స్థిరపడిపోయింది. మొదటి రెండు డోసులకు ఇల్లిల్లూ తిరిగి పేరుపేరునా పిలిచిన యంత్రాంగం, మూడోదానికి మా ఊళ్లో ఫోనుకు సందేశం పంపి ఊరుకుంది. చదవడం రాని ముసలివాళ్లకు సందేశం పంపితే పిలిచినట్టా?

మూడు గంటల దాకా చూసి ఏఎన్‌ఎం గారు టీకా పెట్టె మూసేశారు. మామయ్య ఆటో ఎక్కి ఇంటికి వెళ్లిపోయాడు. ఆయనకు ఆ డోసు పడింది పదహారు రోజుల తర్వాత. ఆ పదహారు రోజులూ మా అత్త మనవలను కూడా గడప దాటి లోపలికి రానివ్వలేదు.